తూపిలిపాళెం ఫోటో, చర్చి క్యాలెండర్: కింద ఏ బైబిల్ వాక్యం వేస్తే బాగుంటుంది?

కొర్లగుంట_కెమెరా (తిరుపతి)

అందరికీ వందనాలు. వచ్చే ఏడాదికి మా సంఘం తరఫున క్యాలెండర్ వేద్దామని కమిటీలో అనుకున్నారు. ఏటా శివకాశి నుంచి వచ్చే బొమ్మలే వేలాడదీస్తాం. మంచుకొండలు, చెక్క వంతెన, గొర్రెపిల్లను ఎత్తుకున్న తెల్లటి యేసు. ఈసారి మన జిల్లా ఫోటోలే ఉండాలని పట్టుబట్టింది నేనే కాబట్టి పనంతా నా నెత్తినే పడింది.

మిగతా నెలలకి దొరికాయి. జూన్ పేజీ దగ్గర ఆగాను. తూపిలిపాళెం బీచ్‌లో పొద్దు పొడిచాక తీసిన ఫోటో ఇది. ఒక అక్క ఇసుకలో కాళ్లు చాపుకుని, నీలం వల ఒళ్లో వేసుకుని, పీతను విడిపిస్తోంది. ఎడమ చేతి బొటనవేలికి పాత గుడ్డ పీలిక చుట్టుకుంది. పక్కన ప్లాస్టిక్ గంప, అందులో సగం దాకా చేపలు. వెనక పడవ మూతి కొంచెం కనిపిస్తుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా, 50 ఎంఎం లెన్స్, 1/500, ఎఫ్/4, ఐఎస్ఓ 200.

రెండు ఫోటోలు పెట్టాను. మొదటిది తీసింది తీసినట్టు. కుడివైపు తెగిన వల ముక్కలు, విరిగిన థర్మాకోల్ పెట్టె, ఒక తెల్ల క్యారీ బ్యాగు ఉన్నాయి. రెండోది ఆ చెత్తంతా కత్తిరించింది. క్యాలెండర్‌కి రెండోదే అనుకుంటున్నాను. కింద మత్తయి సువార్త 13:47, వల గురించిన ఉపమానం: అన్నిరకాల చేపలు పట్టిన వలని ఒడ్డుకు లాగి, మంచివి గంపలో వేసి చెడ్డవి పారేస్తారు. ఏమంటారు?

పాత_నికాన్ (చిత్తూరు)

ఫోటో బాగుంది అబ్బాయ్. ముందు మెచ్చుకోవాల్సింది నువ్వు నిలబడిన చోటు. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. బీచ్‌కి పోయినవాళ్లంతా సముద్రం వైపు తిరిగి క్లిక్ క్లిక్ అంటారు. మనుషులంతా నల్లటి నీడలైపోతారు. సిల్హౌట్ ఒకటి రెండు బాగుంటాయి, పదోది చూసేసరికి విసుగు. నువ్వు అలల వైపు వీపు పెట్టి ఊరి వైపు తీశావు. అందుకే ఆవిడ ముఖం మీద, తడి వల మీద వెలుగు పడింది. గంపలో చేప పొలుసులు కూడా మెరుస్తున్నాయి. (ఇలా తీసేటప్పుడు అలల మీద కన్నేసి ఉంచమని పిల్లలకి చెప్పండి. ఆ తీరంలో మోకాలి లోతు అనుకున్నది రెండడుగుల్లో గుంట అవుతుంది.)

ఇసుక మాత్రం కొంచెం బూడిద రంగు కొట్టింది. కెమెరా మీటరు (వెలుగు కొలిచేది) కంటికి కనబడే ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది. తెల్లటి ఇసుక ఎక్కువగా ఉంటే ఫోటోని నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు పెంచే సెట్టింగు) ప్లస్ వన్ పెట్టి తీసి, హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి గోడకి గుద్దుకోకుండా చూసుకుంటే చాలు. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి కొంచెం పైకి జరిపితే సరి.

ఇక క్రాప్, అంటే కత్తిరింపు. నీ ఒరిజినల్ 6000 x 4000 పిక్సెల్స్. కత్తిరించాక 3000 x 2000కి వచ్చింది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన వేస్తే 10 అంగుళాలకి మించి సాగదు. గోడ క్యాలెండర్ 12 x 18 అంగుళాలు అంటే 5400 x 3600 కావాలి. 200 డీపీఐకి దిగినా 15 అంగుళాలే. చెత్త తీసేయడానికి నాలుగింట మూడొంతుల ఫోటో ఇచ్చేశావు.

చిత్తూరు_మామిడి

తిరుపతి జిల్లా ఫోటోలు అన్నారు, బీచ్ ఎక్కడిది సామీ? కపిలతీర్థంలో అలలొచ్చాయా 😀

నాయుడుపేట_ఉపదేశిగారబ్బాయి

అన్నా, 2022 ఏప్రిల్ 4 నుంచి మన జిల్లాకి సముద్రం ఉంది. గూడూరు, సూళ్లూరుపేట వైపంతా అప్పుడు నెల్లూరు జిల్లాలోంచి ఇటు వచ్చింది. వాకాడు మండలం, పులికాట్, శ్రీహరికోట, నేలపట్టు అన్నీ తిరుపతి జిల్లాయే. మీరు చిత్తూరులో మిగిలిపోయారు, మామిడి తోటలతో సరిపెట్టుకోండి.

ఇంకోటి. తిరుపతి పక్కనుంచి పోయే స్వర్ణముఖే చంద్రగిరి, శ్రీకాళహస్తి, మా నాయుడుపేట దాటి వాకాడు అవతల సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. 2021 నవంబర్‌లో మాత్రం ఎలా పొంగిందో తిరుపతి వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఫోటో విషయానికి వస్తే, మత్తయి 13:47 ఈ బొమ్మకి అతకదు. అందులో ఉన్నది ఒడ్డుకు లాగే పెద్ద వల. రెండు వైపులా జనం తాళ్లు పట్టి లాగుతారు, దారిలో ఉన్నదంతా ఊడ్చుకొస్తుంది. అందుకే "నానావిధములైన" చేపలు. ఒడ్డుకొచ్చాక కూర్చుని ఏరాల్సిందే. ఈ ఫోటోలో ఉన్నది అది కాదు. చేప మొప్పలు వల కన్నుల్లో (రంధ్రాల్లో) ఇరుక్కునే సన్న నైలాన్ వల. మత్తయి 4లో యేసు శిష్యులు పేతురు, అంద్రెయ వేస్తున్నది మూడో రకం, చేత్తో విసిరేది. మన చెరువుల్లో ఇప్పటికీ ఆ విసురు వలే వాడతారు. సువార్త రాసినవాళ్లకి వలలు తెలుసు, మనకే తెలియక అన్నీ ఒకటనుకుంటాం.

గలిలయ సముద్రం అంటాం గాని అది మంచినీళ్ల సరస్సు, పొడవు 21 కిలోమీటర్లు. మన పులికాట్ దానికంటే పెద్దది. 1986లో కరువుకి ఆ సరస్సు నీళ్లు తగ్గినప్పుడు బురదలో ఒక పాత పడవ బయటపడింది. యేసు కాలం నాటిదని తేల్చారు. పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. తూపిలిపాళెంలో లాగి పెట్టిన ఫైబర్ బోట్ల పక్కన పెడితే అటూ ఇటూగా సరిపోతుంది. నాకైతే ఆ కొలత చదివాకే లూకా 5లో రెండు పడవలు మునిగేంత చేపలంటే ఎంతో అర్థమైంది.

జీవకోన_జ్యోతి (తిరుపతి)

అతకకపోవడం ఒక సంగతి. 47 దగ్గర ఆపారు కాబట్టి సరిపోయింది, ఇంకో మూడు వచనాలు ముందుకు పోతే అగ్నిగుండం, ఏడ్పు, పళ్లు కొరకడం. చేపలు ఏరుతున్న ఆ అక్క బొమ్మ కింద ఆ తీర్పు మాట, అదీ జూన్ నెలంతా! స్కూళ్లు తెరిచే నెలలో పిల్లలు చూసి జడుసుకుంటారు బ్రదర్.

నేను రోజూ పొద్దున స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో, నాలుగు ముక్కల ధ్యానం పెడుతుంటాను. బస్టాండులో ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి ఆవిరి, రుయా ఆసుపత్రి బయట చెట్టుకింద పడుకున్న అటెండర్లు, గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలు కట్టే ముసలామె. అందులో నేర్చుకున్నది ఒకటే. వాక్యం ముందు అనుకుని దానికి ఫోటో వెతికితే ఆ ఫోటో చచ్చిపోతుంది. సముద్రం కనిపించగానే "తుపాను నిమ్మళించెను", పక్షి కనిపించగానే "ఆకాశపక్షులను చూడుడి". యేసు పక్షిని చూడమన్నాడు, మనం చూసింది ఎక్కడ? ఏ పక్షో, ఏం తింటోందో కూడా అడగం. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) రోజంతా చెరువుకీ గూటికీ తిరుగుతూ పిల్లలకి చేపలు మోస్తాయి. అది కళ్లారా చూసినవాళ్లు ఆ వచనం చదివి, కష్టపడకుండా కూర్చుంటే దేవుడు పెడతాడని చెప్పరు.

చిత్తూరు_మామిడి

మామిడి తోటల మీద జోకులు నమోదు చేసుకున్నాను 🙏 గానీ సిస్టర్ మాటకి ఒక ఎదురు మాట. మా అమ్మమ్మకి చదువు రాదు. గోడ మీది క్యాలెండర్ వాక్యం నాతో చదివించుకుని నెలంతా అదే అనుకుంటూ ఉండేది. బొమ్మ ఏదో కూడా ఆమెకి పట్టలేదు. ఆవు బొమ్మ కింద సముద్రం వాక్యం ఉన్నా సరే. మీరు ఫోటోగ్రాఫర్లు బొమ్మ గురించి ఆలోచిస్తారు, పల్లెల్లో క్యాలెండర్ అంటే తేదీ, పాల లెక్క, వాక్యం. అది తక్కువ చేసి మాట్లాడకండి.

జీవకోన_జ్యోతి

తక్కువ చేయలేదండీ. అమ్మమ్మగారు నెలంతా అనుకునే మాట కాబట్టే ఏరి వేయాలంటున్నాను.

తీరం_పిల్ల

నమస్తే. ఈ చర్చ మా స్నేహితురాలు చూపిస్తే చేరాను. నేను తిరుపతిలో నర్సుని. మాది వాకాడు మండలంలో ఒక పాళెం, ఈ ఫోటో తీసిన చోటికి దగ్గరే. ఆ ఫోటోలో ఉన్నామె నాకు తెలియదు. ఆమె చేతులు చేసే పని మాత్రం మా అమ్మ చేతుల్లో చూస్తూ పెరిగాను.

మీరంతా "చేపలు ఏరుతోంది" అంటున్నారు. ఆమె ఏరడం లేదు, వలని కాపాడుతోంది. పీత పడితే వల చెడుతుంది. డెక్కతో దారం పట్టుకుని మెలికలు తిప్పి తిప్పి చుట్టేసుకుంటుంది. లాగితే వల తెగుతుంది. తెంపితే డెక్క ఊడుతుంది, డెక్క ఊడిన పీతకి రేటు సగం. అందుకని వీపు వైపు నుంచి నొక్కిపట్టి, వెనక కాళ్ల దగ్గర నుంచి ఒక్కో కన్ను తప్పిస్తూ రావాలి. ఆ బొటనవేలి గుడ్డ దెబ్బకి కట్టింది కాకపోవచ్చు. సన్న దారం కోసుకోకుండా ముందే చుట్టుకుంటారు. ఫోటోలో ఆమె కళ్లు చూడండి, పీత మీద లేవు, వల మీద ఉన్నాయి.

ఇంక గంపలో సంగతి. పైన కనిపిస్తున్నవి కవళ్లు, కింద రెండు జెల్లలు. మీ ఉపమానంలో మంచివి గంపలో, చెడ్డవి బయట. మా దగ్గర బయట పారేసేది దాదాపు ఏమీ ఉండదు. అమ్ముడుపోని చిన్నాచితకా ఎండబెడతారు, అది కూడా కాకపోతే దాణాకి పోతుంది.

నాయుడుపేట_ఉపదేశిగారబ్బాయి

తీరం అక్కా, మీ చివరి మాట చదివి నాకు ఒకటి తట్టింది. లేవీయకాండం 11లో యూదులు రెక్కలు, పొలుసులు లేని జలచరాలు తినకూడదని ఉంది. గలిలయలో కూడా జెల్ల జాతి చేప ఉంటుంది. దానికి పొలుసులుండవు. కాబట్టి ఆ ఒడ్డున కూర్చుని బయట పారేసిన "చెడ్డవి" కుళ్లినవే కానక్కర్లేదు. మనం పులుసు పెట్టుకునే జెల్ల, మీరు రేటు లెక్క చెప్పిన పీత, రెండూ ఆ యూదు జాలరి చేతిలో బయటికే పోయేవి. మా ఇంట్లో ఆదివారం ఆరాధన అయ్యాక జెల్ల పులుసే కాబట్టి ఈ వ్యాఖ్యానం మా నాన్నకి చెప్పను.

రేణిగుంట_రైలు

నేను క్రిస్టియన్‌ని కాదు, ఫోటోల కోసం ఈ గ్రూపులో ఉన్నాను. ఒక మాట అడగొచ్చా? ఎవరూ వేరేగా అనుకోవద్దు.

అన్నా, ఆమెని అడిగి తీశారా? తీసినా, క్యాలెండర్‌లో వేస్తామని చెప్పారా? ఆ తీరంలో చాలా ఇళ్లలో గంగమ్మకి మొక్కి పడవ దింపుతారు. ఆమె కూడా గంగమ్మ భక్తురాలైతే, తన బొమ్మ కింద బైబిల్ వాక్యం వేసి కొన్ని వందల ఇళ్లలో వేలాడదీయడం ఆమెకి ఇష్టమా కాదా తెలియాలి కదా. రేపు మా ఇంట్లో మా అమ్మ ముగ్గు వేస్తున్న ఫోటో తీసి ఎవరైనా తమ మతం క్యాలెండర్‌కి వాడితే నేనైతే ఊరుకోను. మీది మంచి ఉద్దేశమని తెలుసు కాబట్టే అడుగుతున్నాను.

మోడరేటర్

ప్రశ్న మర్యాదగా ఉంది, ఉంచుతున్నాం. జవాబులు కూడా అలాగే ఉండాలి. మతమార్పిడి, రిజర్వేషన్, తిరుమల విషయాలు ఇందులోకి లాగితే ఆ పోస్టులు తీసేస్తాం. ఇప్పటికే రెండు తీసేశాం.

కొర్లగుంట_కెమెరా

రేణిగుంట అన్నా, అడిగే తీశాను. కెమెరా చూపించి సైగ చేస్తే నవ్వి "తీసుకోప్పా" అంది. తీశాక స్క్రీన్ మీద చూపించాను కూడా. క్యాలెండర్ ఆలోచన ఆ తర్వాత వచ్చింది. మీరు అడిగింది న్యాయమే, దాని గురించి పాస్టరయ్యగారితో మాట్లాడతాను.

క్రాప్ గురించి మాత్రం నా వాదన వినండి. ఆ క్యారీ బ్యాగు మీద ఏముందో జూమ్ చేసి చూశారా? తిరుపతి హోటల్ పార్శిల్ కవరు. పేరు సగం చెరిగింది గాని ఊరి పేరు స్పష్టంగా ఉంది. ఆ చెత్తతో సహా వేస్తే కమిటీ ఒప్పుకోదు. ఇది ఇళ్లలో, ప్రార్థన హాల్లో వేలాడేది. దేవుని సృష్టి అందం చూపిద్దామని కదా మొదలుపెట్టింది, మున్సిపాలిటీ ఫిర్యాదు కాదు. పెళ్లి ఫోటోలో విస్తరాకుల కుప్ప తీసేస్తాం, అబద్ధం చెప్పినట్టా?

జీవకోన_జ్యోతి

తిరుపతి కవరా! అదే అసలు ఫోటో బ్రదర్. టూరిస్టులు పడేసిందో, నదిలో కొట్టుకొచ్చిందో ఎవరికి తెలుసు. ఎలా వచ్చినా మన ఊరి సంచి ఆమె పని చేసుకునే చోట పడి ఉంది. హాల్లో కూర్చునే మేమంతా ఆ హోటల్లో పార్శిల్ కట్టించుకున్నవాళ్లమే. సృష్టి అందం చూపిస్తామని ఆ ముక్క కోసేస్తే, మనం ఆ ఒడ్డుకి ఏం చేశామో అది కూడా కోసేసినట్టు. పెళ్లి ఫోటోలో విస్తళ్లు మనం తిన్నవి, మన పెరట్లోవి. ఇది ఆమె పెరడు.

పాత_నికాన్

ఇద్దరికీ మధ్య రాజీ చెప్పే మనిషిని కాదు గానీ చేతిపనిగా ఒకటి చెబుతాను. మొత్తం చెత్త ఉంచితే కుడి పక్కన థర్మాకోల్ తెల్లగా వెలిగి కళ్లని లాగేస్తుంది, ఆవిడ వెనక్కి పోతుంది. అది నీతి సంగతి కాదు, కన్ను వెలుగు వైపే పోతుంది. థర్మాకోల్ ఇవతల నుంచి కోసి, క్యారీ బ్యాగు, వల ముక్కలు ఉంచు. సుమారు 5000 x 3300 మిగులుతుంది, 12 x 18కి 275 డీపీఐ దాకా వస్తుంది. మొదట చూసినవాడికి ఆవిడ, పీత కనిపిస్తారు. క్యాలెండర్ నెలంతా గోడ మీద ఉంటుంది, పదో తారీఖుకి ఎవరో ఒకరికి కవరు కనిపిస్తుంది.

ప్రింటుకి ఇచ్చే ముందు సీఎంవైకేలో (ప్రెస్ వాడే నాలుగు సిరాల రంగుల్లో) చూసుకో. పొద్దుటి ఎండలో ఆ నారింజ రంగు స్క్రీన్ మీద ఉన్నట్టు కాగితం మీద రాదు, మట్టి రంగుకి దిగుతుంది. ముఖం మీద ఎరుపు కొంచెం తగ్గించి పంపు.

చిత్తూరు_మామిడి

మధ్యలో నాదొక సొంత డౌట్. సార్, నేనూ వచ్చే నెల పిల్లల్ని తీసుకుని ఆ బీచ్‌కి పోదామనుకుంటున్నా. కెమెరా తీసుకుపోతే ఉప్పుకి పాడవుతుందంటారు, నిజమేనా?

పాత_నికాన్

ఉప్పు కంటే ఏసీ కారు ఎక్కువ ఏడిపిస్తుంది. చల్లటి కారులోంచి దిగి బ్యాగు తెరవగానే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది, పొద్దుటి మంచి వెలుగంతా తుడుచుకోవడంతో సరి. దిగడానికి అరగంట ముందే ఏసీ ఆపి కిటికీలు దించండి, బ్యాగు జిప్పు వేసే ఉంచండి. బీచ్‌లో లెన్సు మార్చొద్దు, ఒకే లెన్సుతో పోండి. లెన్సు మీద తుంపర పడితే పొడి గుడ్డతో రుద్దొద్దు, ఉప్పు రవ్వలు గాజుని గీస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊది, కొంచెం తడి చేసిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, తర్వాత ఆరబెట్టండి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడగాలి. మా స్టూడియోలో కుర్రాడు ఒకడు కడగకుండా మూలన పెట్టాడు, కాళ్లు బిగుసుకుని ఇప్పుడది కర్రసాయం.

డ్రోన్ ఉందా? ఆ చోటు షార్‌కి (శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి) దగ్గర. డిజిటల్ స్కై (డ్రోన్లకి ప్రభుత్వ వెబ్‌సైట్) మ్యాప్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జోన్లు చూసుకోకుండా ఎగరేయకండి. పులికాట్ ఫ్లెమింగోల మీదికైతే అసలు వద్దు, గుంపంతా బెదిరి లేచిపోతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు బోట్లు బయటికి పోవు. ఆ నెలల్లో పోతే చేపల ఫోటోలు తక్కువ. వలలు బాగుచేసుకునే ఫోటోలు మాత్రం అప్పుడే.

నాయుడుపేట_ఉపదేశిగారబ్బాయి

అదీ మత్తయి 4:21లో ఉన్నదే. జెబెదయి కొడుకులు తండ్రితో పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటే యేసు పిలిచాడు. ఇప్పుడు నాకు ఇంకో ప్రశ్న వస్తోంది. ఈ ఫోటో జూన్ పేజీకి అన్నారు. జూన్‌లో సగం నెల బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ తీరం వాళ్ల ఇంట్లో ఈ క్యాలెండర్ ఉంటే, చేతిలో చేపల్లేని రోజుల్లో నిండు గంప బొమ్మ చూస్తారు. నెల మార్చలేరా?

కొర్లగుంట_కెమెరా

ఈ సంగతి కమిటీలో ఎవరికీ తట్టలేదు. జనవరికి మారుస్తాను, అక్కడ పెట్టిన చంద్రగిరి కోట జూన్‌కి వస్తుంది. కోటకి ఏ నెలైనా ఒకటే.

వాక్యం మాత్రం ఇంకా తేలలేదు. లూకా 5లో "నీ మాట చొప్పున వలలు వేతును" ఎలా ఉంటుంది?

జీవకోన_జ్యోతి

అది వల వేసే బొమ్మకి. ఇక్కడ వల వచ్చేసింది, పని ఒడ్డున జరుగుతోంది. యోహాను 21 చూడండి బ్రదర్. తెల్లవారుతోంది, ఒడ్డున బొగ్గుల నిప్పు, దాని మీద చేప, రొట్టె. శిష్యులు పడవ దిగేసరికే యేసు వండి పెట్టి ఉంచాడు. అంతా సిద్ధంగా ఉన్నాక కూడా "మీరు ఇప్పుడు పట్టిన చేపలలో కొన్ని తీసికొని రండి" అంటాడు, 10వ వచనం. ఆయన దగ్గర చేప లేక అడిగాడా? లేదు. వాళ్ల చేతి చేప కూడా ఆ నిప్పు మీదికి రావాలని అడిగాడు. పేతురు పోయి వల లాగితే 153 పెద్ద చేపలు, వల చినగలేదని కూడా రాశాడు. చేపల లెక్క, వల సంగతి రాసినవాడు ఒడ్డున పని తెలిసినవాడే అయ్యుంటాడు. తీరం అక్క చెప్పిందే కదా, ఆమె కళ్లు వల మీద ఉన్నాయని.

నా లెక్కలో ఆ ఒక్క మాట చాలు. అధ్యాయం నంబరు చిన్నగా, ధ్యానం ఏమీ రాయొద్దు.

నాయుడుపేట_ఉపదేశిగారబ్బాయి

నేను దీనికి ఓటు. పైగా యోహాను సువార్తలో పేతురు నిప్పు దగ్గర నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలి కాచుకుంటూ యేసు ఎవరో తెలియదన్నాడు. ఆ సంగతి క్యాలెండర్‌లో వేయక్కర్లేదు గానీ, ఆ నెల మొదటి ఆదివారం అయ్యగారు ప్రసంగంలో చెప్పొచ్చు.

చిత్తూరు_మామిడి

మా అమ్మమ్మ ఉంటే ఇది నెలంతా అనుకునేది. పొయ్యి దగ్గర కూర్చుని అనుకోవడానికి బాగుంటుంది. నాదీ ఓటు.

రేణిగుంట_రైలు

వాక్యం నాకు కూడా నచ్చింది. బెదిరింపు లేదు, ఎవరినీ తక్కువ చేయడం లేదు. కానీ ఓట్లు ఇక్కడ వేసుకుంటున్నాం, ఫోటోలో ఉన్న మనిషి ఇక్కడ లేదు. నా ప్రశ్న అలాగే ఉంది.

తీరం_పిల్ల

రేణిగుంట అన్న అడిగేదాకా నేను కూడా అనలేదు గానీ మనసులో అదే ఉంది. మా పాళెంలో టూరిస్టులు తీసిన మా వాళ్ల ఫోటోలు ఎక్కడెక్కడో కనిపిస్తాయి. "జాలరి జీవితం", "సాగర పుత్రులు" అని రాస్తారు. ఒక్కరూ ప్రింటు తెచ్చివ్వరు.

కొర్లగుంట అన్నా, ఒక పని చేయండి. రెండు ఫోటోలూ ప్రింటు తీయించండి. రెండో శనివారం నేను ఊరికి పోతున్నాను, రండి. ఆమె ఎవరో మా అమ్మ ఫోటో చూసి చెప్పేస్తుంది, ఆ చుట్టుపక్కల పాళేల్లో ఆమెకి తెలియని మనిషి లేదు. వాక్యం ఆమెకి చదివి వినిపిద్దాం. వాళ్లలో కొందరు ఇంట్లో తమిళం కలిసిన మాట మాట్లాడతారు, నేను చెబుతాను. ఆమె సరే అంటే వేయండి. వద్దంటే వాక్యం లేకుండా వేయనిస్తుందేమో అడుగుదాం, దానికీ వద్దంటే ప్రింటు ఆమెకిచ్చి వచ్చేద్దాం.

పొద్దున ఏడు లోపల రాకండి, వలలు దిగే హడావిడిలో ఎవరూ మాట్లాడరు. తొమ్మిది తర్వాత బేరాలు అయిపోయి కూర్చుంటారు. బస్సులో అయితే నాయుడుపేటలో దిగండి, అక్కడి నుంచి మా తమ్ముడు బండి మీద తీసుకొస్తాడు.

కొర్లగుంట_కెమెరా

వస్తాను అక్కా. నికాన్ సార్ చెప్పిన క్రాప్‌తో 12 x 18 ఒకటి, ఒరిజినల్ ఒకటి లామినేషన్ చేయించి తెస్తాను. జ్యోతి సిస్టర్, మీకు వీలైతే మీరు కూడా రండి. వాక్యం సంగతి మీరైతే బాగా చెబుతారు.

ఆమె ఒప్పుకోకపోతే జనవరికి వేరే ఫోటో కావాలి. ఎవరి దగ్గరైనా నేలపట్టు గూడబాతులు పిల్లలకి మేత పెడుతున్న ఫోటో ఉంటే, కనీసం 5400 పిక్సెల్స్ వెడల్పుది, నాకు మెసేజ్ చేయండి.

జీవకోన_జ్యోతి

శనివారం డ్యూటీ మార్చుకుని వస్తాను. గూడబాతుల ఫోటో నా దగ్గర ఉంది గానీ ఫోన్‌ది, 4000 వెడల్పే.

పాత_నికాన్

200 డీపీఐకి వేస్తే అది సరిపోతుందమ్మా, పంపు చూస్తాను. కొర్లగుంట అబ్బాయ్, ప్రెస్‌కి ఎప్పటిలోగా ఇవ్వాలో కనుక్కో. శివకాశిలో దీపావళి ముందు క్యాలెండర్ ఆర్డర్లు కుప్పపడతాయి, ఆలస్యమైతే మళ్లీ ఆ మంచుకొండల బొమ్మే అంటగడతారు.